వరిమళ్ల చీవరం

మా అక్క తన కూతురి పెళ్లికి పెళ్లికొడుకు కోటు నా చేత కుట్టించలేదు. మలయ్ దేశంలో, ఇపో ఊళ్లో నలభై ఏళ్లుగా కుట్టుపని చేస్తున్న సొంత తమ్ముడు ఉండగా, పెద్ద మాల్‌లో అద్దాల కొట్టుకు వెళ్లి, బొమ్మ ఒంటి మీద ఉన్న కోటు కొనుక్కొచ్చింది. పెళ్లిలో నన్ను రెండో వరుసలో కూర్చోబెట్టారు. అక్కడినుంచి అంతా స్పష్టంగా కనబడింది. కోటు ఎడమ భుజం అరంగుళం కిందికి జారింది. కాలరు మెడకు ఆనలేదు. భోజనానికి లేవకుండా ఇంటికి వచ్చేశాను. ఆ తరువాత పదకొండేళ్లు ఆమెతో మాట్లాడలేదు.

ఇంత చిన్నదానికా అని నా భార్య అంటుంది. ఆమెకు చిన్నది. నేను మరిచిపోయే రకం కాదు. తెలుక్ ఇంటాన్‌లో నాకు పని నేర్పిన మాస్టరు, నేను కోసిన మొదటి లాగును గిరాకీల ముందు ఎత్తి చూపించి నవ్వడం గుర్తుంది. అప్పుడు ఆయన నోట్లోని కిళ్లీ వాసనతో సహా గుర్తుంది. మా తెలుగు సంఘం వాళ్లు గుడి పండగకు పందిరి గుడ్డలన్నీ నా చేత కుట్టించుకుని, మైకులో పూలవాడికి కృతజ్ఞతలు చెప్పి నన్ను వదిలేయడం గుర్తుంది. ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను.

పోయిన ఏడాది బావ పోయాడు. ఆయన సింహళీయుడు. తాతల కాలంలో సిలోన్ నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. వాళ్లింట్లో బుద్ధుడు, అక్క తీసుకెళ్లిన అమ్మవారు ఒకే గూట్లో ఉంటారు. బావ శవాన్ని చూడటానికి వెళ్లాను. గేటు దగ్గరే నిలబడి తిరిగి వచ్చేశాను. అక్క నన్ను చూసింది, నేనూ ఆమెను చూశాను. అంతే.

అక్టోబరు వానల్లో ఒక ఉదయం ఆమె నా కొట్టు మెట్లెక్కి వచ్చింది. గొడుగు మూల పెట్టి, నా మిషను వైపూ నా తెల్లజుట్టు వైపూ చూసి, కుర్చీ ఎయ్యవేట్రా అని అడిగింది. కూకోమని సెప్పాలేటి, కూకో అన్నాను. పదకొండేళ్ల తరువాత మేం మాట్లాడుకున్న మొదటి మాటలివి.

ఆమె ఒళ్లో మూట ఉంది. విప్పితే పసుపుకీ మట్టిరంగుకీ మధ్య ఉండే నూలు గుడ్డ. సంగతి ఇది. బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నెలలు ఎక్కడికీ తిరగకుండా ఒకే విహారంలో ఉంటారు. ఆ మూడు నెలలూ అయ్యాక ఒక రోజు ఊళ్లోవాళ్లు వాళ్లకు చీవరం, అంటే ఒంటికి చుట్టుకునే గుడ్డ, దానం ఇస్తారు. దాన్ని కఠిన దానం అంటారు. ఒక విహారానికి ఏడాదికి ఒక్కసారే. అందుకని కుటుంబాలు ముందే పేరు చెప్పుకుని ఏళ్ల తరబడి వంతు కోసం చూస్తాయి. బావ ఎప్పుడో పేరిచ్చాడు. వంతు ఈ ఏడాది వచ్చింది. మనిషి లేడు.

“నీ బావ పేరున పెడతన్నాను,” అంది అక్క. “ఆ గుడ్డలో మనోల్ల సెయ్యి ఒక్కటైనా ఉండాల. ఆయన పోనప్పుడు మనోల్లెవురూ గేటు దాటి రాలేదు. నీకు ఇట్టం లేదంటే సెప్పీ, కొట్లో రెడీగా దొరుకుతాది, కొనేస్తాను.”

గేటు మాట నాకే తగిలింది. కొట్టు మాట ఇంకా గట్టిగా తగిలింది. మళ్లీ కొట్టా. మూట లాక్కుని మిషను పక్కన పెట్టుకున్నాను. పదిహేను రోజుల గడువు.

గుడ్డతో పాటు ఒక కాగితం ఇచ్చింది. పెద్ద భిక్షువు గీసినదట. పొడుగ్గా ఐదు వరుసలు, వాటిలో గళ్లు. గుడ్డను ముక్కలుగా కోసి మళ్లీ కలిపి కుట్టాలట, అనుమానం ఉంటే వచ్చి అడగమన్నారట. నేను అడగలేదు. నాకు గుడ్డ కోయడం నేర్పించే కాగితమా? అది ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. మా ఇళ్లలో పోయినవాళ్ల పేరున బ్రాహ్మడికి బట్ట పెట్టినా, దేవుడి మీద కప్పినా, మగ్గం మీంచి దిగినట్టే ఉండాలి. కత్తెర తగలకూడదు, సూది దిగకూడదు. అతుకుల గుడ్డ పెడితే పోయినవాడికి అతుకుల గుడ్డే చేరుతుందని మా అమ్మ అనేది. బావ మీద నాకు ప్రేమ లేదు గానీ, ఆయనకు అతుకులు పంపేంత పగ కూడా లేదు. అక్కకు ఈ పద్ధతి తెలిసే ఉండాలి, పెళ్లయ్యాక మరిచిపోయి ఉంటుంది అనుకున్నాను.

గుడ్డ పన్నా, అంటే వెడల్పు, తక్కువగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఒక్క అతుకు తప్పదు. దాన్ని కనబడకుండా దాచాను. మిగతాదంతా నిండు గుడ్డ. కొలతకు సరిచేసి, నాలుగు అంచులూ మిషను ముట్టకుండా చేత్తో మడిచి కుట్టాను. బియ్యపు గింజలో సగం పొడవు కుట్లు. నాలుగు రోజులు పట్టింది. నా భార్య వచ్చి చూసి, “ఏటి మావా, పెల్లికూతురి సీరకి కూడా ఇంతలాగ సెయ్యలేదు,” అంది. నాకూ అలాగే అనిపించింది. జీవితంలో నేను కుట్టిన వాటన్నిటిలో అదే గొప్పది అని ఇప్పటికీ చెబుతాను.

అక్కతో కలిసి విహారానికి తీసుకెళ్లాను. పెద్ద భిక్షువు పలచటి మనిషి, నా వయసే ఉంటుంది, తమిళం బాగా మాట్లాడతాడు. చీవరం విప్పి, ఇంకో భిక్షువు చేత అంచు పట్టించి, వెలుతురుకు ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. కుట్టు చాలా గొప్పగా ఉందన్నాడు. తరువాత, ఇది గుడ్డేగానీ చీవరం కాదన్నాడు. కోసి కలపనిది భిక్షువుల సంఘం స్వీకరించదు. కోపం లేదు, విసుగు లేదు. టైము చెప్పినట్టు చెప్పాడు.

నేను ఊరుకోలేదు. మా ఆచారం చెప్పాను. నిండు గుడ్డే శుద్ధమని చెప్పాను. కోసిన గుడ్డ పెట్టడం పెద్దలకు అవమానం కాదా అని అడిగాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నాడు. నా మాట మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్న మనుషులు తక్కువ, అది గమనించాను. విని, మీరు చెప్పింది గౌరవం, మాది నియమం అన్నాడు. ఎక్కడైనా కోయని చీవరం కట్టుకున్న భిక్షువు కనబడితే వచ్చి చెప్పండి, మేమూ నేర్చుకుంటాం అన్నాడు.

ఎగతాళి అనుకున్నాను. కానీ ఆయన ముఖంలో ఎగతాళి లేదు. నిజంగానే నేర్చుకుంటానంటున్నాడు. సరే, చూపిస్తాను అనుకున్నాను.

దారిలో అక్క తల పట్టుకుంది. “పది రోజులున్నాదిరా. నీ పంతం నెగ్గించుకోవడానికి నా దానం పాడు సెయ్యకు,” అంది. ఒక్క భిక్షువుని చూపిస్తే చాలు కదా అన్నాను. చూపించలేకపోతే కోస్తావా అని అడిగింది. కోస్తానన్నాను. కోయాల్సిన పని పడదని నాకు నమ్మకం.

మొదట మా ఇపో కొండల్లోనే వెతికాను. సున్నపురాయి గుహల్లో చైనావాళ్ల గుళ్లున్నాయి. నలభై ఏళ్లుగా ఆ కొండల పక్కనుంచి బస్సులో వెళ్తున్నాను, లోపలికి వెళ్లలేదు. లోపల చల్లగా ఉంది. పైన ఎక్కడినుంచో నీటి చుక్కలు పడుతున్నాయి. కొండ కడుపులో, బంగారు రంగు బుద్ధుడు ఇంటి కప్పంత ఎత్తున కూర్చున్నాడు. ఎవరు మోసుకొచ్చి ఉంటారు, ఎన్ని ముక్కలుగా తెచ్చి ఉంటారు అని ఆలోచిస్తుండగా గుండు చేయించుకున్న ఒక భిక్షుణి వచ్చింది. పొడుగు చేతుల బూడిదరంగు అంగీ వేసుకుంది. గళ్లు లేవు, వరుసలు లేవు. భుజం నుంచి పాదం దాకా సాఫీగా ఉంది. దొరికింది అనుకున్నాను.

మలయ్‌లో పలకరించాను, నేను కుట్టుపనివాణ్ణని చెప్పాను. ఆమె నవ్వి, ఇది మంచు దేశంలో చలికి మా పెద్దలు అలవాటు చేసుకున్న అంగీ, చీవరం కాదు అంది. ఇంతలో గంట మోగింది. ఆమె గోడ దగ్గరి చెక్క పెట్టె తెరిచి, మడిచి ఉన్న గోధుమరంగు గుడ్డ తీసి, నుదుటికి తాకించుకుని, అంగీ మీద చుట్టుకుని ఎడమ భుజం దగ్గర కొక్కేనికి తగిలించింది. గుడ్డ విచ్చుకుంది. వరుసలు. గళ్లు. అక్క ఇచ్చిన కాగితంలోవే.

ప్రార్థన అయ్యేదాకా కూర్చున్నాను. చేపలా చెక్కిన ఒక చెక్క వాద్యాన్ని తడుతూ అందరూ ఒకే గొంతుతో పాడుతుంటే ఆ చప్పుడు రాతి గోడలకు తగిలి, ఎవరూ పాడనట్టు, కొండే పాడుతున్నట్టు వినిపించింది. తరువాత ఆమె అంచు నా చేతికిచ్చి చూడమంది. వీళ్లది మహాయానమట, పెద్ద బండి అని అర్థం. ఒక్కడు తన దుఃఖం నుంచి తాను బయటపడితే చాలదు, అందరూ బయటపడాలని వీళ్లు మొక్కుకుంటారు. చివరి ప్రాణి దాటేదాకా నేను దాటను అని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి బోధిసత్వుడంటారు. గుహలో మరో పక్క తెల్ల చీరలాంటిది కట్టుకుని, చేతిలో కుండ పట్టుకుని నిలబడ్డ తల్లి విగ్రహం ఉంది, ఆమె అలాంటిదేనట. లోకం ఏడుపు వినే తల్లి. వీళ్లలోనూ దారులున్నాయి. కొందరు అమితాభ బుద్ధుడి పేరు తలుచుకుంటూ ఉంటారు, కొందరు నోరు మూసుకుని గోడకెదురుగా కూర్చుని మనసుని చూసుకుంటారు.

చివరి ప్రాణి అనగానే నాకు మా మాస్టరు గుర్తొచ్చాడు. అంటే ఆయన దాటేదాకా కూడా ఎవరో ఒకరు ఒడ్డున నిలబడి ఉండాలి. నేనైతే నిలబడను. కానీ నిలబడతామని ఒట్టు పెట్టుకున్నవాళ్లు ఉన్నారని వినడమే నాకు కొత్త. ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు.

అయినా ఒప్పుకోలేదు. ఒక గుడి చూసి తేల్చేయకూడదు. జార్జ్ టౌన్‌లో రకరకాల బౌద్ధులున్నారని తెలిసి, దానానికి మూడు రోజులుండగా బస్సెక్కాను. అక్క కూడా ఎక్కింది. నన్నొదిలేస్తే గడువు లోపల తిరిగి రానని ఆమె భయం. దారిలో తెచ్చిన ఇడ్లీ పొట్లం విప్పి నాకు రెండు పెట్టింది. తిన్నాను. అప్పుడడిగాను, కోటు ఎందుకు నా దగ్గర కుట్టించలేదని.

“ఇంకా ఆ కోటే పట్టుకున్నావేట్రా,” అంది. “పెల్లికొడుకే ఎంచుకున్నాడు.”

“ఎడమ భుజం జారిపోయింది.”

“కోటు జారలేదు. ఆడి భుజమే అంత,” అంది అక్క. “అప్పుడేటి అడగలేదు? పదకొండేళ్లు ఇడ్లీలు మానేసినావు.”

కొలత తీసుకోకుండా భుజం సంగతి ఎలా తెలుస్తుంది. కానీ కొలత తీసుకోవడానికి నన్ను పిలవకపోవడమే కదా నేను చెప్పేది. ఆ మాట కూడా చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

జార్జ్ టౌన్‌లో ఒక సన్న వీధిలో సయాం వాళ్ల గుడి, దానికెదురుగా బర్మా వాళ్ల గుడి ఉన్నాయి. ఒక దాంట్లో బుద్ధుడు పడుకుని ఉన్నాడు. తల దగ్గరనుంచి పాదాల దాకా నడిచి వెళ్లడానికి నాకు కొంత సమయం పట్టింది. మోకాళ్లు అంత మంచివి కావు. పాదాల దగ్గర నిలబడి, ఇంత పెద్ద నిద్రలో కూడా ఒక్క మడతైనా నలగలేదే అనుకున్నాను. ఎదురుగా బుద్ధుడు నిలబడి ఉన్నాడు, తలెత్తి చూస్తే మెడ నొప్పెట్టింది. రెండు చోట్లా భిక్షువులను వెనకనుంచి, పక్కనుంచి చూశాను. వీళ్ల రంగు నారింజ, వాళ్ల రంగు ఎండిన ఇటుక. వీళ్లు గుడ్డను ఒక రకంగా చుట్టి చంక కిందికి తిప్పుతారు, వాళ్లు ఇంకో రకంగా. కోత ఒక్కటే. వరుసలు, గళ్లు. ఒక చెట్టు కింద తెల్లటి నిండు గుడ్డ కట్టుకుని, గుండుతో కూర్చున్న ముసలామె కనబడగానే అక్క చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. ఆమె భిక్షుణి కాదు, ఎనిమిది నియమాలు పట్టిన గృహస్థురాలట. కోయని గుడ్డ మాలాంటివాళ్లకి అని ఆమె నా ముఖం చూసి నవ్వింది. ఇది కూడా గుర్తుపెట్టుకున్నాను.

సయాం, బర్మా, సింహళం వాళ్లది ఒకే దారి అని ఆమే చెప్పింది. థేరవాదం, పెద్దల మాట అని అర్థం. బుద్ధుడి కాలంలో ఏ నియమాలు పెట్టారో అవే, మార్చకుండా. మధ్యాహ్నం దాటాక అన్నం ముట్టరు. తమది అనేది ఏదీ దాచుకోరు. ఎవరి మనసును వాళ్లు చూసుకుంటూ, ఊపిరి వచ్చిపోవడం గమనిస్తూ, పట్టుకున్నవన్నీ ఒక్కొక్కటే వదులుకుంటూ పోతారు. ఆమె అది చెబుతుంటే అక్క నా వైపు చూసింది. నేను చూడలేదు.

సాయంత్రం బస్సుకు ముందు ఇంకొకటి మిగిలింది. ఒక మేడ మీద టిబెట్ వాళ్ల ధ్యాన మందిరం. మెట్ల మీదకే సాంబ్రాణిలాంటి వాసన వచ్చింది. గోడల నిండా రంగు బొమ్మలు. కోపంతో కళ్లు ఉరిమే దేవతలను చూసి, ఇక్కడ కోపానికి కూడా చోటుందే అని కాస్త ఊరట పడ్డాను. కోపాన్ని కూడా పారేయకుండా జ్ఞానానికి కాగడాలా వాడుకోవడం వీళ్ల పద్ధతి అని అక్కడి భిక్షువు చెప్పాడు. వజ్రయానం అంటారట. గురువు చెవిలో చెప్పిన మంత్రం, చేతి ముద్ర, గీసిన మండలం, వీటితో ఈ ఒక్క జన్మలోనే దాటే దారి. ఆయన భుజాన కప్పుకున్న ముదురెరుపు గుడ్డ నిండుగానే ఉంది. ఈసారి తొందరపడలేదు. ఇంకేమైనా ఉందా అని అడిగాను. ఆయన లోపలికెళ్లి మడిచిన పసుపు గుడ్డ తెచ్చి నేల మీద పరిచాడు.

నేను మోకాళ్ల మీద కూర్చుని దాని మీద చెయ్యి పెట్టాను. వరుసకు ఒక పెద్ద గడి, ఒక చిన్న గడి. మధ్యలో మడత. చుట్టూ అంచు. కొండ కడుపులోని ఆమె గుడ్డా ఇదే, ఇటుకరంగు గుడ్డా ఇదే. ఈ దేశాలవాళ్ల భాష కలవదు, తిండి కలవదు. మంత్రాలు, దేవతలు, టోపీలు అన్నీ వేరు. ఎన్ని వందల ఏళ్ల కింద విడిపోయారో, ఒకరి గుళ్లో ఒకరికి ఏం చదువుతున్నారో కూడా తెలియకపోవచ్చు. కానీ గుడ్డ కోసేటప్పుడు మాత్రం, ఎడారుల్లోనూ మంచులోనూ సముద్రం మీదా, ఎవరో ఒకరు సుద్దముక్కతో ఇవే గీతలు గీసి, ఇవే మడతలు పెట్టి, పక్కవాడికి చూపించి చనిపోయారు. ఒక్కడు తప్పు కోసి ఉంటే తెగిపోయేది. ఎవడూ తప్పు కోయలేదు. నా కొట్లో నేను నేర్పిన కాలరు కోత రెండో మనిషి చేతికే మారిపోయింది. చాలాసేపు లేవలేకపోయాను. మోకాళ్ల వల్ల కాదు.

తిరుగు ప్రయాణంలో అక్కతో, కోస్తాను అని నేనే చెప్పాను.

మర్నాటి పొద్దున మిషనూ, కత్తెరలూ, టేపూ వేసుకుని విహారానికి వెళ్లాను. కొట్లో బల్ల మీద అంత గుడ్డ పరచలేను, వాళ్ల హాల్లో చాపల మీద పరవచ్చు. పెద్ద భిక్షువు నన్ను చూసి, చూశారా అని కూడా అడగలేదు. వచ్చి గుడ్డ రెండో అంచు పట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్లలో నేను కోస్తుంటే ఇంకొకరు గుడ్డ పట్టుకోవడం అదే మొదలు.

నేను కుట్టిన అంచును నేనే విప్పాను. నాలుగు రోజుల పని, గంటలో పోయింది. కత్తెర తీశాక చెయ్యి ముందుకు వెళ్లలేదు. అప్పుడు ఆయన చెప్పాడు, బుద్ధుడు ఒకసారి మగధలో నడుస్తూ వరిచేలు చూశాడని. పెద్ద మళ్లు, చిన్న మళ్లు, మధ్య సన్న గట్లు, అడ్డంగా పెద్ద గట్లు. పక్కనున్న శిష్యుణ్ణి ఇలాంటి చీవరం కుట్టగలవా అని అడిగాడట. అంతకుముందు భిక్షువులు శ్మశానంలో, చెత్తలో దొరికిన పేలికలు ఏరి కట్టుకునేవాళ్లు. మంచి గుడ్డ దొరికినా కోసి పేలికలు చేశాకే కట్టుకోవాలి. అలా కోసిన గుడ్డను దొంగ ఎత్తుకెళ్లడు, ఎవడూ కొనడు, కట్టుకున్నవాడికి గర్వం రాదు.

తెలుక్ ఇంటాన్ దగ్గర తోటలో పుట్టినవాణ్ణి నేను. మా తాత సముద్రం దాటి రబ్బరు చెట్లు గీయడానికి వచ్చాడు. తోట బయట వరిచేల పక్కన నడిచేటప్పుడు గట్లు చూపించి, ఇక్కడితో ఈడి భూమి అయిపోనాది, అక్కడినుంచి ఆడిది అని మురిపెంగా చెప్పేవాడు. గట్టు అంటే నాది, నీది అని చెప్పేది. ఈ చీవరంలో అన్నీ గట్లే, సొంతదారు మాత్రం లేడు. అది తట్టాక కత్తెర ఆడింది.

కోస్తూ ఉంటే ఆయన మాట్లాడాడు. నా పనిలోంచే చెప్పాడు. చొక్కా చంక దగ్గర పట్టేస్తే ఎలా ఉంటుంది? బతుకు అంతటా అలాంటిదేదో పట్టేస్తూ ఉంటుంది, దాన్నే దుఃఖం అంటారు, అది మొదటి సత్యం. పట్టేయడానికి కారణం ఉంది, కావాలి కావాలి అని మనం బిగించడం. అది రెండోది. వదులు చేస్తే పోతుంది, మూడోది. వదులు చేయడానికి ఒక కొలత ఉంది, నాలుగోది: సరైన చూపు, ఆలోచన, మాట, చేత, బతుకుతెరువు, ప్రయత్నం, ఎరుక, నిలకడ. ఇదంతా విని నేనడిగాను, మరి మన బాధ ఎవరికి చెప్పుకోవాలి, దేవుడికి పిటిషను ఎక్కడ పెట్టాలి అని. వినేవాడు లేడన్నాడు. బుద్ధుడు దారి చూపించిన మనిషి. వరాలిచ్చే అధికారి కాదు. నువ్వు చేసింది నీ వెంట వస్తుంది, నడవాల్సింది నువ్వే.

జీవితమంతా మునిసిపాలిటీకి, మా తెలుగు సంఘానికి, అమ్మవారికి ఫిర్యాదులు రాసినవాణ్ణి. ఫిర్యాదుల కిటికీయే లేని ఒక మతం, ఇన్ని దేశాల్లో, ఇంతకాలం నిలబడిందంటే నాకు తల తిరిగింది. భయం కూడా వేసింది. చాలా పెద్ద ఆకాశం కింద ఒంటరిగా నిలబెట్టినట్టుంది.

మధ్యాహ్నానికి ముక్కలన్నీ చాప మీద ఉన్నాయి. ఆయన వాటిని చూపించి, ఇప్పుడు చీవరం ఎక్కడుంది అని అడిగాడు. లేదన్నాను. పొద్దున ఉన్నది ఎక్కడికెళ్లింది? ఎక్కడికీ వెళ్లలేదు. సాయంత్రం వచ్చేది ఎక్కడినుంచి వస్తుంది? నేను చేతిలోని కత్తెర వైపు చూశాను. మనిషి కూడా ఇలాగే, కలిపి కుట్టినంతసేపే అన్నాడు. నా వెనకే వచ్చిన అక్క స్తంభం దగ్గర కూర్చుని ఇదంతా వింటోంది. బావ గురించే ఆలోచిస్తోందని తెలుస్తూనే ఉంది.

అప్పుడు చిక్కు వచ్చింది. ప్రతి గట్టుకూ మడత పోతుంది. నేను ముందే కొలతకు కోసేయడం వల్ల, మడతలన్నీ పోగా చీవరం ఒక జానెడు తక్కువ వస్తోంది. రెండుసార్లు కొలిచాను. మూడోసారి కొలవడానికి ధైర్యం లేదు. దానం ఎల్లుండి. ఇది నా తప్పు, కాగితం చదవకపోవడం వల్ల వచ్చిన తప్పు. అలాంటివి నేను ఒప్పుకునే మనిషిని కాను, కానీ అక్కకు చెప్పక తప్పలేదు.

ఆమె అరవలేదు. “అయితే కొట్లోది కొంటాను,” అంది నెమ్మదిగా. ఆ గొంతు వినేకంటే అరిస్తే బాగుండేది.

నేను కొలతకు తీసేసిన కత్తిరింపులు కొట్లో బల్ల కింద గోనెలో ఉన్నాయి. అవి వేళ్ల వెడల్పు పీలికలు, పనికిరావనే అనుకున్నాను. భిక్షువును అడిగితే, ఆయన ముఖం వెలిగింది. అవే కదా అసలైనవి అన్నాడు. వెళ్లి గోనె బోర్లించి, ఆ రంగు పీలికలన్నీ ఏరాను. నేల మీద మోకాళ్లతో పాకి ఏరాను. వాటిని ఒకదానికొకటి కలిపి చిన్న మళ్లు చేశాను. ఒక్కో చిన్న మడిలో నాలుగేసి అతుకులు. మా అమ్మ చూస్తే ఏమనేదో. ఆ పూటా, మర్నాడూ కుట్టాను. మూడో రోజు పొద్దున ఇస్త్రీ చేసి మడిచాను.

దానం రోజున హాలు నిండిపోయింది. మూడు శరణాలు చెప్పారు: బుద్ధుణ్ణి, ధర్మాన్ని, సంఘాన్ని. ఐదు నియమాలు చెప్పారు: చంపను, దొంగిలించను, తప్పుగా నడవను, అబద్ధమాడను, మత్తు ముట్టను. అక్క చీవరాన్ని నెత్తి మీద పెట్టుకుని మూడుసార్లు హాలు చుట్టూ నడిచింది. నా పేరు ఎవరూ చెప్పలేదు. అది గమనించాను. పెద్ద భిక్షువు చీవరాన్ని విప్పి, వరుసలు లెక్కపెట్టి, నా అతుకుల మళ్ల మీద బొటనవేలు రాసి, తలూపాడు. అందరిలోకీ చీవరం బాగా చిరిగినవాడికి ఇవ్వాలని నియమమట. చివర కూర్చున్న ఒక నడివయసు భిక్షువుకి ఇచ్చారు. ఆయన పాత గుడ్డ మోచేతి దగ్గర చిల్లు పడి ఉంది.

ఆయన చీవరం తీసుకుని, ఒక మూల మడిచి పట్టుకుని, జోలిలోంచి నల్లటి పెన్ను తీశాడు. నా కళ్ల ముందే ఆ మూల మీద గుండ్రంగా మరక పెట్టాడు. కొత్త చీవరం మీద, ఇంకా ఇస్త్రీ వేడి చల్లారని గుడ్డ మీద. నేను లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను. నలభై ఏళ్లలో నా కుట్టు మీద ఎదురుగా మరక పెట్టిన మనిషి లేడు.

అక్క నా మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. “కూకోరా,” అంది, కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా. “సుక్క పెట్టకుండా కట్టుకోరు. సుక్క పడిందంటే పుచ్చుకున్నారని. అదింక మనది కాదు. మీ బావకి సేరిపోనాది.”

కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన నా చెవిలో చెప్పాడు, ఆ చుక్క నెమలి కన్ను కంటే పెద్దది కాకూడదట, నల్లి కంటే చిన్నది కాకూడదట. దానికి కూడా కొలత ఉంది. ఇన్ని వందల ఏళ్లుగా, ఎంత మంచి కుట్టు మీదైనా సరే, ఆ కొలతలో ఒక మరక పెట్టాకే ఒంటి మీద వేసుకుంటున్నారు.

ఆ భిక్షువు చీవరం చుట్టుకుని, భుజం సర్దుకుని, వరుసలో కలిసి వెనక తలుపు నుంచి ఎండలోకి నడిచాడు. అందరి వీపుల మీదా మళ్లూ గట్లూ. నాది ఏదో కొంతసేపు తెలిసింది. తరువాత తెలియలేదు.